ప్యాకింగ్ చెక్క

రాజమండ్రిలో మా పెదనాన్న నలభై ఏళ్లు కర్రల అడితిలో పనిచేశారు. దుంగ మీద గొడ్డలి మడమతో ఒక్క దెబ్బ వేసి, ఆ చప్పుడును బట్టి లోపల డొల్లో కాదో చెప్పేసేవారు. టేకంటే ఆయనకు దేవుడు. మద్ది, వేప పెద్దమనుషులు. మామిడి సర్దుబాటు. పైన్ మాత్రం ఆయన లెక్కలో అసలు కర్రే కాదు. "ప్యాకింగ్ చెక్క రా అది. ఓడల్లో మిషన్లొస్తాయే, వాటి పెట్టెలకి కొడతారు" అని చెయ్యి ఊపేసేవారు.

అలాంటి ఇంట్లో పుట్టి, పదిహేనేళ్లుగా న్యూహాంప్‌షైర్‌లో ఉంటున్నాను. బోస్టన్‌కి ఉత్తరాన గంట ప్రయాణం. మా ఊరి చివర ఒక ముసలాయన కోత మిల్లు ఉంది. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, శనివారం పొద్దున్నే అక్కడికి పోయి దుంగలు దొర్లిస్తాను. జీతం లేదు, కానీ టమాటా మళ్లలో పరుచుకోవడానికి రంపపు పొట్టు కావలసినంత. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, పేరు పెట్టి పిలవమంటాడు. నాకింకా నోరు రాదు. "సర్" అంటే ఆయనకు కోపం. అందుకని ఏమీ అనకుండా ఎదురుగా వెళ్లి నిలబడి మాట్లాడతాను.

మిల్లుకొచ్చేవాళ్లు ఆయన్ని తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: కొయ్యడానికి మీకు ఏ చెట్టంటే ఇష్టం? నల్ల వాల్‌నట్ అంటాడని ఎదురుచూస్తారు. దాని చేవ చాక్లెట్ రంగులో ఉంటుంది, ధర మన టేకును గుర్తు చేస్తుంది. కాకపోతే చెర్రీ, లేదా విస్కీ పీపాలకు వాడే తెల్ల ఓక్. ఆయన జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే: తెల్ల పైన్. మొదటిసారి విన్నప్పుడు నాకు పెదనాన్న గుర్తొచ్చి నవ్వొచ్చింది.

కోత చూశాక ఆ నవ్వు తగ్గింది. ఓక్ దుంగ మీదికి రంపం వెళ్తుంటే మూలుగు వినిపిస్తుంది. పైన్‌లో అలా కాదు, పనసపండు కోసినట్టు దిగిపోతుంది. జిగురు కూడా పనసదే. పట్టీ రంపానికి బంక పట్టి అడ్డం తిరగకుండా, పైనున్న డబ్బాలోంచి సబ్బునీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతూ ఉండాలి. బెరడుతో ఉన్న పైచెక్క ఊడి పక్కకు పడగానే లోపల పచ్చటి వెన్నరంగు. నిమ్మతొక్క గిల్లినట్టు వాసన. కోసిన పలకలను మధ్య సన్న బద్దలు పెట్టి పేర్చితే పెద్దగా వంకర్లు తిరగవు. చలికాలం నరికిన దుంగ అయితే మరీ మంచిది. ఎండల్లో నరికి నాలుగు వారాలు పడేస్తే బూజు పట్టి బయటి చెక్క నీలంగా మారుతుంది.

ఆ చలికాలపు నరుకుడు దగ్గరే ఈ దేశం కథ మొదలవుతుంది.

పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్ బలమంతా ఓడల్లో ఉంది. ఓడ పొట్టకు ఓక్ తమ నేల మీదే దొరికేది. తెరచాప స్తంభానికి కావలసిన పొడుగాటి నిటారు మాను మాత్రం దొరకదు. బాల్టిక్ సముద్రం అవతల రీగా నుంచి కొనుక్కోవాలి. 1652లో డచ్చివాళ్లతో యుద్ధం రాగానే ఆ దారి తెగుతుందేమోనని భయం పట్టుకుంది. అప్పటికే న్యూ ఇంగ్లండ్ నుంచి కొన్ని మానులు వెళ్తున్నాయి. ఇక్కడి తెల్ల పైన్ నూటయాభై అడుగులు దాటి పెరిగేది. తేలిక, నిటారు, బంక వల్ల చాలాకాలం పెళుసెక్కదు. ఓడవాళ్ల లెక్కలో మొదట్లో మాను ఎన్ని అంగుళాల మందమో, స్తంభం అన్ని గజాల పొడుగు. అంటే 36 అంగుళాల మానుకు 108 అడుగుల స్తంభం. అతుకు లేకుండా, ఒకే చెట్టులోంచి.

అంత మానును అడవిలోంచి రేవుకు చేర్చేది మంచు మీదే. పడేటప్పుడు విరగకుండా ముందే చిన్న చెట్లు కొట్టి కింద పరుపులా పరిచేవారు. తరవాత పదుల జతల ఎద్దులు. దారి మలుపులు తిరిగితే 108 అడుగుల మాను తిరగదు కాబట్టి తిన్నటి బాటలు వేశారు. ఇక్కడ కొన్ని ఊళ్లలో "మాస్ట్ రోడ్" అనే వీధులు ఇప్పటికీ ఉన్నాయి.

1691లో ఇంగ్లండ్ దొరతనం మసాచుసెట్స్‌కి ఇచ్చిన శాసనంలో ఓ చిన్న వాక్యం పెట్టింది. నేల నుంచి అడుగు ఎత్తున 24 అంగుళాలు, ఆపైన మందం ఉన్న చెట్లు, అప్పటికే ఎవరి సొంతానికీ ఇవ్వని భూముల్లోవి, రాజుగారివి. అనుమతి లేకుండా నరికితే చెట్టుకు వంద పౌన్ల జరిమానా. రాజుగారి సర్వేయర్లు గొడ్డలితో మూడు గాట్లు పెట్టి బాణం గుర్తు చెక్కేవారు. చూడ్డానికి అచ్చం కాకి పాదం. న్యూహాంప్‌షైర్‌లో 1722 నాటికి ఆ కొలత 12 అంగుళాలకు దిగింది. 12 అంగుళాల పైన్ అంటే మా మిల్లాయన పక్కన పెట్టేసే పిల్ల దుంగ! రైతు తన పొలం చదును చేసుకోవాలన్నా ముందు సర్వేయరుకు డబ్బులిచ్చి, రాజుగారి చెట్లకు గుర్తులు వేయించుకోవాలి.

పైగా ఇది కోత మిల్లుల దేశం. ఇంగ్లండ్‌లో చాలాకాలం గుంటలో ఒకడు, గట్టున ఒకడు నిలబడి రంపం లాగేవారు. కింద ఉన్నవాడి కళ్లలో పొట్టు. 1768లో లండన్ లైమ్‌హౌస్‌లో గాలిమరతో నడిచే కోత మిల్లు పెడితే, కూలి పోతుందని రంపం కూలీలే దాన్ని పగలగొట్టారు. ఇక్కడ మనుషులు తక్కువ, అడవి ఎక్కువ, వాగులు ఎక్కువ. 1630లలోనే నీటి మిల్లులు వచ్చేశాయి. ఇళ్లు, పీపాలు, వంతెనలు, అప్పులు తీర్చుకోవడం, అన్నీ పైన్ పలకల మీదే. అంచేత చట్టం కాగితం మీద ఉంది, చెట్లు మిల్లులో ఉన్నాయి. పాత ఇళ్లలో నేలకు 22, 23 అంగుళాల పలకలు కనబడితే, 24 దాటకుండా జాగ్రత్తపడ్డారని గైడ్లు చెప్తారు. ఓ పాత సత్రంలో నేను టేపు పెట్టి కొలిచాను. కింద గదిలో ఇరవైరెండున్నర. అటక మీద ఇరవై ఏడు. అటక దాకా ఏ సర్వేయరు ఎక్కుతాడు!

1771-72 చలికాలంలో ఆ లెక్క తేలింది. గవర్నరు జాన్ వెంట్‌వర్త్ మనుషులు గాఫ్స్‌టౌన్, వేర్ అనే ఊళ్లలో మిల్లులు వెతికి, 17 నుంచి 36 అంగుళాల దుంగలు పట్టుకుని బాణం గుర్తు వేసేశారు. గాఫ్స్‌టౌన్ మిల్లువాళ్లు డబ్బు కట్టి బయటపడ్డారు. వేర్‌వాళ్లు కట్టమన్నారు. 1772 ఏప్రిల్ 13న షెరీఫ్ బెంజమిన్ వైటింగ్, ఆయన డిప్యూటీ వచ్చి ఎబెనీజర్ మడ్జెట్ అనే మిల్లు పెద్దను పట్టుకున్నారు. పొద్దున్న జామీను తెస్తానన్నాడని వదిలేసి, రాత్రి ఊళ్లో సత్రంలో పడుకున్నారు. తెల్లవారుతుండగా మడ్జెట్ వచ్చాడు, మొహాలకు మసి పూసుకున్న ఇరవైమందికి పైగా మనుషులతో. షెరీఫ్‌ను మంచంలోంచి లాగి, తమ మీద జరిమానా పడ్డ చెట్టుకొక్కటి చొప్పున బెత్తం దెబ్బలు వేశారు. గుర్రాల చెవులు కత్తిరించి, తోకలు గొరిగి పంపేశారు. ఆ గుర్రాలేం పాపం చేశాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బోస్టన్ రేవులో టీ పెట్టెలు నీళ్లపాలైంది దీని తరవాత ఇరవై నెలలకు, 1773 డిసెంబరులో. మన స్కూలు పుస్తకాల్లో అమెరికా స్వాతంత్ర్యమంటే ఆ టీ కథే. 1775లో జార్జి వాషింగ్టన్ ఓడలు ఎగరేసిన తెల్ల జెండా మీద ఉన్నది మాత్రం టీ ఆకు కాదు, పచ్చటి పైన్ చెట్టు.

వేర్ ముద్దాయిల్లో ఎనిమిదిమందికి కోర్టు వేసిన శిక్ష తలా ఇరవై షిల్లింగులు. ఇది చదివినప్పుడు నాకు మన్యం గుర్తొచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టం కూడా ఇలాంటిదే. నిన్నటిదాకా నీది అనుకున్న చెట్టు ఇవాళ్టి నుంచి సర్కారుది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడ్డారు. 1924 మేలో ఆయన్ని పట్టుకుని కాల్చి చంపారు. ఒకే సింహాసనం, ఒకే అడవి తగాదా. తెల్లవాడైతే ఇరవై షిల్లింగులు. అయితే ఈ పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. మన్యం గిరిజనులు పోడు కోసం, కట్టెల కోసం, గౌరవం కోసం తిరగబడ్డారు. వేర్‌వాళ్లు కలప వ్యాపారులు. ఆ అడవి వాళ్లకంటే ముందు అబెనాకీలది. వాళ్లను ఏ సర్వేయరూ అడగలేదు, ఏ మిల్లు యజమానీ అడగలేదు.

స్వాతంత్ర్య యుద్ధం గెలిచిన తరవాత రాజుగారి చెట్లు మిగల్లేదు. ఇక్కడ కొట్టేశాక కలపవాళ్లు మెయిన్‌కి, అక్కడి నుంచి మిషిగన్‌కి, విస్కాన్సిన్‌కి సాగిపోయారు. ఖాళీ అయిన కొండల మీద గొర్రెలు దిగాయి. ఆ గొర్రెల కాలం నాకు పుస్తకంలో కాదు, రంపం కింద ఎదురైంది.

కిందటి మార్చిలో మా పెరటి చివర ఉన్న పైన్ గాలికి పడితే, ఉత్సాహంగా దుంగ కోయించి మిల్లుకు తెచ్చాను. "పొలం గట్టు చెట్టా?" అని అడిగాడు ముసలాయన. "కాదు, అడవిలోది" అన్నాను ధీమాగా. నాలుగో పలకకు ఖణేల్‌మని చప్పుడు, నిప్పురవ్వలు, రంపం పళ్లన్నీ సున్నా. చీల్చి చూస్తే మొదలుకు జానెడు లోపల ముళ్లతీగ. ఎప్పుడో గొర్రెల కంచెకు స్తంభం కింద వాడుకున్న చెట్టు, తీగను మింగేసి పెరిగింది. రంపం ఖరీదు నా లెక్కలో రాశాడు. "ఇంటి వెనక అడవిలో రాతిగోడ ఉందా?" అన్నాడు. ఉంది. "అడవిలో ఎవడైనా గోడ కడతాడా?"

నిజమే. ఇన్నేళ్లు ఆ గోడ పక్కన నడుస్తూ ఆ ప్రశ్న నాకు తట్టలేదు. రైల్వేలొచ్చి, పడమటి సారవంతమైన నేలలు తెరుచుకుని, రైతులు ఈ రాళ్ల పొలాలు వదిలేసి వెళ్లిపోయారు. బీడులో మొదట మొలిచేది తెల్ల పైనే. ఇప్పుడీ రాష్ట్రంలో నూటికి ఎనభై వంతులు అడవి, అందులో చాలాభాగం ఒకప్పటి పొలం.

అలా తిరిగొచ్చిన పైన్లను 1938 సెప్టెంబరు 21న ఓ తుపాను పడుకోబెట్టేసింది. ఎండితే అగ్గి, వదిలేస్తే పురుగు. అందుకని ప్రభుత్వం దుంగలు కొని చెరువుల్లో ముంచి దాచింది. కాంకర్డ్ దగ్గర టర్కీ పాండ్ అనే చెరువు దుంగలతో నిండిపోయింది. 1942లో కొయ్యడానికి మగవాళ్లు లేరు, యుద్ధంలో ఉన్నారు. చెరువు గట్టునే ఓ మిల్లు పెట్టి ఆడవాళ్లను పనిలోకి తీసుకున్నారు. నీళ్లలోంచి దుంగను కొక్కెంతో లాగి, ట్రాలీ మీదికి ఎక్కించి, పలకలు పేర్చి, దాదాపు అన్నీ వాళ్లే. ఆ యుద్ధకాలంలో పైన్ పలకలు ఎక్కువగా వెళ్లింది సామాను పెట్టెలకు. పెదనాన్న మాట అక్కడ నిజమైంది.

ముళ్లతీగ తప్పించి తిప్పి కోస్తే, నా దుంగలోంచి ఒక్కటే గొప్ప పలక వచ్చింది. బద్దల మీద ఆరబెట్టి ఏడాదయ్యింది. దానితో భోజనాల బల్ల చేద్దామని మా ఆవిడ పట్టు. మొన్న వీడియో కాల్‌లో పెదనాన్నకు చెప్పాను. ఎనభై ఆరేళ్లు, చూపు మందగించింది, నోరు మాత్రం అలాగే ఉంది.

"పైనా? ప్యాకింగ్ చెక్కతో భోజనాల బల్లేంట్రా?"

"చాలా వెడల్పు పలక, పెదనాన్నా."

"ఎంతేంటి?"

"ఇరవై అయిదు అంగుళాలు."

కాసేపు మాట లేదు. ఫోను ఆగిపోయిందేమో అనుకున్నాను.

"అతుకేశారా?"

"లేదండీ. ఒకటే పలక."

"ఏదీ," అన్నారు, "ఫోను దగ్గరగా పెట్టు."