మా పల్లె జనాభా ఎంత?

ప్రత్యేక సంచికకు పుంగనూరు ప్రాంత చరిత్ర ఏదైనా వ్రాయమని సంఘ మిత్రులు కోరారు. జమీందారుల గురించి, పొట్టి ఆవుల గురించి వ్రాసినవారు ఉన్నారు. ఉపాధ్యాయుడిగా 1971, 1981, 1991లలో జనాభా లెక్కలు వ్రాసినవాణ్ణి గనుక, నేను మా చిన్నపల్లె గురించి వ్రాస్తున్నాను.

మా పల్లెలో ఏనాడూ నలభై గడపలకు మించి లేవు. దాని జనాభా ఎంతో చూద్దామని జిల్లా జనగణన పుస్తకం తిరగేస్తే పల్లె పేరే కనిపించదు. కారణం, అందులో అంకె రెవెన్యూ గ్రామానికి మాత్రమే ఇస్తారు. మన వైపు ఒక్కొక్క రెవెన్యూ గ్రామం కింద ఎన్నో పల్లెలు, ఇండ్లు, వాడలు. అన్నిటికీ కలిపి ఒకటే అంకె.

మద్రాసు రాజధానిలో మొదటి జనగణన 1871లో జరిగింది. 1881 ఫిబ్రవరి 17న దేశమంతటా ఒకేసారి లెక్క తీశారు. ఈ రెంటి నడుమ వచ్చింది 1876-78 నాటి ధాత కరువు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. అది 1911లో ఏర్పడింది. పుంగనూరు జమీ ఉత్తర ఆర్కాటు జిల్లాలో, మదనపల్లె కడప జిల్లాలో ఉండేవి. 1881 నాటికి రెండు జిల్లాల్లోనూ జనం తగ్గారు. ఒక్క కడప జిల్లాలోనే రెండు లక్షలకు పైబడి తగ్గారు. వారిలో మా పల్లెవారు ఎందరో చెప్పే అంకె లేదు.

1931 వరకు ఒకే రాత్రి లెక్క పూర్తిచేసేవారు. ఆ పని ఎక్కువగా కరణాలదే. తరువాత పద్ధతి మారింది, పని మా అయ్యవార్ల మీద పడింది. 1981లో ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు లెక్క. ఆ ఇరవై రోజులూ ఊళ్ళో లేనివారిని ఇక్కడ వ్రాయరాదు. వారున్న చోటనే వ్రాస్తారు. ఒక ముసలమ్మ బెంగుళూరులో కూలికి పోయిన కొడుకు పేరు వ్రాయమన్నది. నిబంధన చెప్పాను.

"వాని ఇల్లు ఇదే గదా నాయనా! పేరు రాయకుంటే వాడు మా ఊరోడు కాకుండా పోతాడా?" అన్నది.

నిబంధన ప్రకారమే వ్రాశాను. ఆమెకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను.

ఇది కేవలం మనసుకు సంబంధించిన మాట కాదు. బడికైనా రోడ్డుకైనా అర్జీ పెడితే మొదట అడిగేది జనాభానే. 2000లో వచ్చిన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదాన ప్రాంతపు ఆవాసానికి 500 మంది ఉండాలన్నారు. మాబోటి పల్లెలకు ఆ అంకె అందదు. పిల్లలు పనులకు వలసపోయేకొద్దీ మరింత దూరమవుతుంది.

2021లో జరగవలసిన జనగణన కోవిడ్ కారణంగా వాయిదా పడింది. 2027 మార్చి 1వ తేదీని లెక్కకు ప్రామాణికంగా ప్రకటించారు. ఆ లెక్కలోనూ వలసపోయినవారు ఉన్న చోటనే చేరుతారు. అందుకే పెన్షనరు మిత్రులకు నా మనవి. ఒక నోటుపుస్తకం తీసుకొని మీ పల్లెలోని ఇండ్లు వరుసగా వ్రాయండి. ఏ ఇంట ఎవరుండేవారు, ఎవరు ఏ సంవత్సరంలో ఎక్కడికి పోయారు, ఏ ఇల్లు ఎప్పుడు మూతబడింది, అన్నీ వ్రాయండి. ఇవి ఏ ప్రభుత్వ పుస్తకంలోనూ దొరకవు. మనకు గుర్తున్నప్పుడే వ్రాయాలి.

నేను మా పల్లెది మొదలుపెట్టాను. మొదటి పుటలో ఆ ముసలమ్మ ఇల్లు ఉంది. కొడుకు పేరు కూడా వ్రాశాను.