నీళ్ళలో బర్రె, కొమ్ముల బేరం: పాత కారు కొనుగోలు చరిత్ర

బర్రెను నీళ్ళలో ఉంచి కొమ్ముల బేరం చేసినట్లు అని తెలుగునాట ఒక సామెత ఉన్నది. నీటిపైన అగుపడేవి కొమ్ములు మాత్రమే. పొదుగు ఎట్లా ఉన్నదో, కాలు సరిగా ఉన్నదో లేదో అమ్మేవానికి తెలుసు, కొనేవానికి తెలియదు. సరకు ఒకటే, కాని దానిని గురించిన జ్ఞానం ఇద్దరి వద్దా సమానంగా లేదు. పాత కారు కొనడంలోని చిక్కంతా ఇదే. కొద్ది జీతంలో కూడబెట్టిన సొమ్ముతోనో, ఒక పంట మీద మిగిలిన రాబడితోనో కారు కొనే కుటుంబానికి ఈ చిక్కు చిన్నది కాదు. ఒక్క తప్పు బేరంతో ఐదారేండ్ల పొదుపు మెకానిక్కు షెడ్డులో కరిగిపోవచ్చు.

ఐతే ఈ చిక్కు కారుతో పుట్టినది కాదు. కడప జిల్లాలోని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల ప్రజలకు ఇది తరతరాలుగా పరిచితమే. మనిషి మాటను పక్కన పెట్టి వస్తువు చేతనే సాక్ష్యం చెప్పించుకొనే ఉపాయాలను సంతలూ అంగళ్ళూ మోటారుకు చాలా ముందే కనిపెట్టినాయి. ఆ ఉపాయాల వరుసలో చివరిది పాత కారు పరీక్ష.

ఎద్దు పళ్ళు

జమ్మలమడుగు పరిసరాలలోని నల్లరేగడి నేలను దున్నడానికి బలమైన ఎద్దులు కావాలి. ఎద్దును కొనే రైతు దాని వయస్సెంత అని అడిగి ఊరుకోడు. నోరు తెరిచి చూస్తాడు. పశువు ముందు భాగాన పై దవడలో కొరుకుపళ్ళు ఉండవు. క్రింది దవడలో ఎనిమిది ఉంటాయి. మొదట ఉండే పాలపళ్ళు రాలి, సుమారు రెండు, రెండున్నర ఏండ్లకు మొదటి జత శాశ్వత దంతాలు వస్తాయి. తరువాత ఒక్కొక్క జత చొప్పున పెరిగి, నాలుగైదు ఏండ్లకు ఎనిమిదీ పూర్తి అవుతాయి. ఆ పైన పళ్ళ అరుగుదలను బట్టి వయస్సు అంచనా కట్టాలి.

ఈ పద్ధతిలోని గొప్పతనం ఒకటున్నది. అమ్మేవాడు ఎద్దుకు నూనె రాయవచ్చు, కొమ్ములకు రంగు పూయవచ్చు, మెడలో గంటలు కట్టవచ్చు. కాని రాని పన్నును మొలిపించలేడు. మార్చడానికి సులభమైన గుర్తు కంటె మార్చడానికి కష్టమైన గుర్తే నమ్మదగినది అనే సూత్రం ఆ రైతు చేతిలో ఉన్నది.

గీటురాయి

పెన్నా తీరాన ఉన్న ప్రొద్దుటూరు బంగారం వ్యాపారానికి పేరు పడిన పట్టణం. నగను చూచి అందులో రాగి ఎంత కలిసినదో కంటితో చెప్పడం సాధ్యం కాదు. అందుకే గీటురాయి వచ్చినది. నల్లని రాతిపై నగతో ఒక గీత గీస్తారు. ప్రక్కనే తెలిసిన మచ్చుతో మరొక గీత గీసి, రెండింటిపైనా ఆమ్లం వేస్తారు. రాగి, వెండి కరిగిపోతాయి, బంగారం నిలుస్తుంది. రెండు గీతలను పోల్చి స్వచ్ఛత నిర్ణయిస్తారు.

గీటురాయి కూడా అంగడివాని చేతిలోనే ఉంటుంది గదా! కొనేవానికీ అమ్మేవానికీ సంబంధించని మూడవ సాక్షి కావాలి. ఆ అవసరం నుంచే హాల్‌మార్కు పుట్టినది. భారత ప్రమాణాల సంస్థ 2000లో బంగారు నగలకు దీనిని ప్రవేశపెట్టినది; 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి చేసినది. అమ్మేవానికి లొంగని గుర్తు, పక్షం లేని సాక్షి: ఈ రెండు పాఠాలూ పాత కారుకు అక్షరాలా వర్తిస్తాయి.

కరవు కాలపు కార్లు

మన దేశంలో మోటారు వాహనాలకు తొలి అఖిల భారత చట్టం 1914లో వచ్చినది. దానికి బదులు 1939లో మరొకటి, ఆ తరువాత 1988లో ఇప్పటి చట్టం వచ్చినాయి. 1988 చట్టం 1989 జులై 1న అమలులోకి వచ్చినది. వాహనానికి ఒక సంఖ్య, ఆ సంఖ్యకు ఒక యజమాని, ఆ వివరాలకు ప్రభుత్వం వద్ద ఒక పుస్తకం అనే ఏర్పాటే పాత కారు కొనేవానికి దొరికిన తొలి ఆధారం.

స్వాతంత్ర్యం తరువాత చాలా కాలం కొనడానికి రకాలే తక్కువ. 1950ల చివర వచ్చిన అంబాసిడర్, తరువాతి కాలంలో పద్మిని అని పేరు మారిన ఫియట్ 1100, 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, అంతే. ఉత్పత్తికి లైసెన్సుల పరిమితి ఉండినందున కొత్త కారు కోసం ఏండ్ల తరబడి కాచుకోవలసి వచ్చేది. అందువల్ల పాత కారు ధర అంతగా పడిపోయేది కాదు. పైగా అంబాసిడర్ నిర్మాణం సాదా. ఏ భాగం చెడినా చిన్న ఊరి షెడ్డులో విప్పి బిగించవచ్చును. కొన్న తరువాత లోపం బయటపడినా బాగుచేసుకొనే వీలుండేది.

1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 తాళాలు యజమానికి అందినాయి. 796 ఘన సెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజను గల ఆ చిన్న బండి మధ్యతరగతిని కారు దగ్గరకు తెచ్చినది. 1993లో కార్ల తయారీకి లైసెన్సు అవసరం తొలగించడంతో అనేక కంపెనీలు వచ్చినాయి. కొత్త కార్లు పెరిగినకొద్దీ పాత కార్లూ పెరిగినాయి. పులివెందులకు రైలు మార్గం లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు కూడా ఎర్రగుంట్ల–నంద్యాల మార్గంలో ప్రయాణికుల రైలు 2016లో గాని రాలేదు. ఇట్టి చోట ఆసుపత్రికో, కాలేజీకో, తోటకో వెళ్ళడానికి పాత కారు విలాసం కాక అవసరం అయినది.

నిమ్మకాయ సిద్ధాంతం

చెడ్డ కారును అమెరికాలో వాడుకగా నిమ్మకాయ అంటారు. మన ఊళ్ళలో బండి కొన్నప్పుడు చక్రాల క్రింద నిమ్మకాయలు తొక్కించడం ఆచారం కాబట్టి ఈ మాట మనకు వింతగా తోచవచ్చు. జార్జి ఎకర్లాఫ్ అనే అర్థశాస్త్రజ్ఞుడు ఈ నిమ్మకాయల సంతపై ఒక వ్యాసం వ్రాసినాడు. మూడు పత్రికలు తిరస్కరించిన తరువాత అది 1970లో వెలువడినది. 2001లో ఆయనకు మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో పాటు నోబెల్ బహుమానం లభించినది. 1967–68లో ఆయన ఢిల్లీలోని భారత గణాంక సంస్థలో ఉన్నాడు. బజారు బియ్యంలో కావాలని కలిపిన రాళ్ళను ఏరుకొనే భారత గృహిణి ఉదాహరణ కూడా ఆ వ్యాసంలో ఉన్నది.

ఆయన వాదాన్ని చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. ఒక ఊరిలో పది పాత కార్లు అమ్మకానికి ఉన్నాయనుకొందాం. ఐదు మంచివి, ఒక్కొక్కటి మూడు లక్షలు విలువ చేస్తుంది. ఐదు చెడ్డవి, ఒక్కొక్కటి ఒక లక్ష మాత్రమే చేస్తుంది. ఏది ఏదో కొనేవానికి తెలియదు. కాబట్టి అతడు సగటు చూచుకొని రెండు లక్షలకు మించి ఇవ్వడు. మూడు లక్షల కారును రెండు లక్షలకు ఎవరు అమ్ముతారు? మంచి కార్ల యజమానులు తప్పుకొంటారు. చెడ్డ కార్ల వారు సంతోషంగా నిలుస్తారు. సంగతి గ్రహించిన కొనుగోలుదారులు ఇక లక్షకు మించి పలకరు. చివరకు సంతలో చెడ్డ కార్లే మిగులుతాయి.

ఇందులో ముఖ్యమైన విషయం ఒకటి. నష్టపోయినది కొనేవాడు మాత్రమే కాదు, తన బండిని జాగ్రత్తగా చూచుకొన్న నిజాయితీపరుడు కూడా నష్టపోయినాడు. అతని మాటకు బజారులో విలువ లేకపోయినది. కాబట్టి పరీక్ష అంటే అమ్మేవానిపై అవమానకరమైన అనుమానం కాదు. మంచి సరకుకు మంచి ధర వచ్చే దారి అదే.

తిరగదిప్పిన లెక్క

ఎద్దుకు పళ్ళవలె కారుకు ఓడోమీటరు అనే దూరమాపకం ఉన్నది. ఈ ఆలోచన చాలా పాతది. రెండు వేల ఏండ్ల క్రిందటి రోమను వాస్తుశిల్పి విట్రూవియస్, బండి ఒక మైలు నడవగానే ఒక గులకరాయి పెట్టెలో పడేటట్లు పళ్ళచక్రాల ఏర్పాటును వర్ణించినాడు. కార్లలో మొదట పళ్ళచక్రాలతో, తరువాత విద్యుత్ పరికరాలతో ఈ లెక్క సాగినది.

కాని ఎద్దు పన్నుకూ దీనికీ భేదం ఉన్నది. పన్ను మొలిపించడం అసాధ్యం. అంకెలను వెనుకకు త్రిప్పడం సాధ్యమే. ఈ మోసం ఎంత ప్రబలినదంటే, అమెరికా 1972లో దీనిని నిషేధించే చట్టం చేయవలసి వచ్చినది. అందువల్ల రీడింగును ఒంటరిగా నమ్మరాదు. పదేండ్ల కారు 40,000 కిలోమీటర్లు చూపిస్తే, ఏడాదికి 4,000, అంటే రోజుకు సుమారు 11 కిలోమీటర్లు. ఊరిలోనే తిరిగిన బండికి ఇది సహజమే. ప్రొద్దుటూరు నుంచి కడపకు సుమారు 50 కిలోమీటర్లు. రోజూ పోయి వచ్చిన బండి ఏడాదికి 300 రోజులలో 30,000 దాటుతుంది. యజమాని వృత్తికీ అంకెకూ పొత్తు కుదరకపోతే అంకెనే శంకించాలి.

కారు నోరు తెరిచి చూడడం

రీడింగు చెప్పిన మాటను ఇతర సాక్షులతో పోల్చాలి. క్లచ్చి, బ్రేకు పెడళ్ళ రబ్బరు, స్టీరింగు చక్రం, డ్రైవరు సీటు వీటి అరుగుదల మొదటి సాక్షి. టైరు ప్రక్కన అచ్చయిన నాలుగంకెల సంఖ్య రెండవ సాక్షి: మొదటి రెండంకెలు వారం, తరువాతి రెండు సంవత్సరం. ఆ సంఖ్య 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. 20,000 కిలోమీటర్లే తిరిగినదని చెప్పే బండికి నాలుగు టైర్లూ మార్చి ఉంటే కారణం అడగాలి. టైరు ఒక వైపే అరిగి ఉంటే చక్రాల అమరికలోనో, చట్రంలోనో లోపం ఉండవచ్చు.

ఇంజనును చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. ముందే వేడి చేసి ఉంచిన ఇంజను అనేక లోపాలను దాస్తుంది. సైలెన్సరు నుంచి నీలి పొగ వస్తే ఇంజను నూనె సిలిండరులో కాలుతున్నదని గుర్తు. నల్లని పొగ వస్తే ఇంధనం పూర్తిగా దహనం కావడం లేదు. చల్లని వేళ కొద్దిగా వచ్చే తెల్లని ఆవిరి సహజం. వేడెక్కినా దట్టంగా వస్తూ ఉంటే రేడియేటరు నీరు సిలిండరులో చేరుతున్నదని శంకించాలి. నూనె పోసే మూత అడుగున మీగడవంటి పదార్థం చాలా ఉంటే నూనె, నీరు కలుస్తున్నాయేమో చూపించాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే కడప జిల్లాలో శీతలీకరణ వ్యవస్థ, బ్యాటరీ, రబ్బరు గొట్టాలు త్వరగా అలసిపోతాయి కాబట్టి వీటిపై ప్రత్యేక శ్రద్ధ అవసరం.

ప్రమాదానికి గురైన బండిని రంగు దాస్తుంది, అయస్కాంతం బయటపెడుతుంది. పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని ఉక్కు రేకుపై జరిపితే, లోపల పుట్టీ దట్టంగా ఉన్నచోట పట్టు సడలుతుంది. ప్లాస్టిక్కు బంపర్లకు ఈ పరీక్ష వర్తించదు. 2015 డిసెంబరులో చెన్నైలోను, 2024 సెప్టెంబరులో విజయవాడలోను వరద నీటిలో ఎన్నో కార్లు మునిగినాయి. మునిగిన బండి కడిగిన తరువాత శుభ్రంగానే ఉంటుంది. ఐతే కార్పెట్టు క్రింద మట్టి, సీటు పట్టాల తుప్పు, మూసిన కారులోని ముక్కవాసన నిజం చెబుతాయి. పొడి గాలి ఉన్న జమ్మలమడుగులో పదేండ్లు తిరిగిన బండి కంటె, ఉప్పు గాలి తగిలే సముద్రతీరంలో పదేండ్లు ఉన్న బండి అడుగుభాగాన ఎక్కువ తుప్పు ఉండవచ్చు.

కాగితాల సాక్ష్యం

కారుకు లోహదేహం ఒకటి, కాగితపు దేహం మరొకటి. 1989 తరువాత ఏపీ 04 అనే గుర్తు కడప జిల్లాను తెలిపేది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే వరుస వచ్చినందున కొత్త సంఖ్యను చూచి జిల్లాను చెప్పలేము. ఆర్సీలోని ఛాసీ, ఇంజను సంఖ్యలను బండిపై చెక్కిన వాటితో అంకె అంకె సరిచూడాలి. ఫైనాన్సు బాకీ నమోదై ఉంటే అది తీరినట్లు ఫారం 35 కావాలి. ఇన్సూరెన్సు కాగితంలో క్లెయిము లేనందుకు ఇచ్చే తగ్గింపు సున్నా అయి ఉంటే, క్రిందటి ఏడాది ఏమి జరిగినదని అడగవచ్చు.

పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 అవసరం. దీనిని వాయిదా వేయడం అమ్మినవానికీ ప్రమాదమే. రికార్డులో పేరు ఉన్నవాడే యజమాని అని, ప్రమాదం జరిగితే బాధ్యత అతనిదేనని 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది.

మూడవ సాక్షి

హామీలు, పేరున్న సంస్థలు, లైసెన్సులు ఈ రోగానికి మందులని ఎకర్లాఫ్ 1970లోనే సూచించినాడు. మన దేశంలో 2001లో మారుతి సంస్థ పాత కార్ల అమ్మకానికి ట్రూ వ్యాల్యూ అంగళ్ళు తెరిచినది. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పాత వాహనాల డీలర్లకు అధికార పత్రం ఉండాలని నిబంధనలు చేసినది. అవి 2023 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చినాయి. కాని ఏ హామీ అయినా దానిలో వ్రాసినంత వరకే పనిచేస్తుంది. కొద్ది సొమ్ము గలవానికి అందుబాటులో ఉన్న మూడవ సాక్షి, బేరంలో వాటా లేని మెకానిక్కు. అమ్మేవాడు చూపిన షెడ్డుకు కాక, కొనేవాడు ఎంచుకొన్న షెడ్డుకు బండిని తీసుకొని పోవాలి. అతనికి ఇచ్చే కూలి ఖర్చు కాదు, కొనేవానికి లేని జ్ఞానానికి చెల్లించే ధర. బడ్జెట్టులో కొంత భాగాన్ని కొన్న వెంటనే వచ్చే టైర్లు, బ్యాటరీ, నూనె మార్పులకు విడిచి ఉంచడం కూడా మేలు.

ఎద్దు పన్ను, బంగారు గీత, కారు పెడలు మీది అరుగుదల చూపే విద్య ఒక్కటే. ఒక్క గుర్తును నమ్మరాదు. అనేక గుర్తులు ఒకే మాట చెబితే నమ్మవచ్చు. శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో చేసేదీ ఇదే. బర్రెను గట్టుకు రప్పించిన తరువాతనే బేరం మొదలు పెట్టవలెను.