బాలికా పాఠశాలలు – సహవిద్యా వివాదము

భారతదేశమున బాలురును బాలికలును ఒకే తరగతిలో చదువవలెనా, వేర్వేఱు పాఠశాలలలో చదువవలెనా యను చర్చ, బాలికలు అసలు చదువవలెనా యను అంతకు పూర్వపు వివాదమునుండి జనించినది. ఈ పుట్టుకను మఱచి ఉభయపక్షముల వాదములను తూచుట సాధ్యము కాదు.

1848లో పూనాలో జ్యోతిరావు, సావిత్రీబాయి ఫూలే దంపతులును, 1849లో కలకత్తాలో బెథూన్ దొరయు బాలికల కొఱకు పాఠశాలలు తెఱచిరి. తెలుగునాట కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించి, ఆ యేటనే వెలువడిన తమ వివేకవర్ధని పత్రికలో స్త్రీవిద్యను సమర్థించుచు వ్రాయగా, కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు ఆంధ్రభాషాసంజీవనిలో దానిని నిరసించిరి. ఆడుదానికి అక్షరజ్ఞానము యుక్తమా యనునదే నాటి ప్రధాన ప్రశ్న. అతిబాల్య వివాహములు, ఘోషా, ఉపాధ్యాయినుల కొఱత గల సంఘమున, తల్లిదండ్రులు గడప దాటనిచ్చుటకు ప్రత్యేక పాఠశాల యొక్కటే మార్గమయ్యెను. హైదరాబాదులో 1907లో వెలసిన మహబూబియా బాలికా పాఠశాలయు, గుంటూరులో 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు, లక్ష్మీబాయమ్మగారు నెలకొల్పిన శారదానికేతనమును ఈ అవసరమునుండి ఉద్భవించినవే.

1882 నాటి హంటరు విద్యాసంఘము, పసిపిల్లల బడులలో దప్ప మిశ్రమ పాఠశాలలు ఈ దేశ పరిస్థితులకు సాధారణముగ అనుకూలింపవని తలంచియు, బాలికా పాఠశాలను నిలుపజాలని తావులలో ఆడపిల్లలు బాలుర బడికి పోవుటను ప్రోత్సహింపవలెనని చెప్పెను. స్వాతంత్ర్యానంతరము 1952–53లో లక్ష్మణస్వామి మొదలియారుగారి అధ్యక్షతన పనిచేసిన మాధ్యమిక విద్యాసంఘము సహవిద్యను నిషేధింపక, కోరిక గలచోట్ల ప్రత్యేక బాలికా పాఠశాలలు తెఱువవలెనని రాష్ట్రములకు సూచించెను.

ఈ చరిత్రలో మిక్కిలి విలువైన మాటను చెప్పినది హంసా మెహతాగారి సంఘము (1961–62). వేఱు బడి యనగా వేఱు చదువు అను భావము అప్పటికి బలముగా నాటుకొనియుండెను; గణిత విజ్ఞానశాస్త్రములు బాలురకును, కుట్టుపనియు గృహవిజ్ఞానమును బాలికలకును అని పంచిపెట్టు ఆచారము, చదువుకొన్న ఆడపిల్లకు సైతము వైద్యము, ఇంజనీరింగు వంటి వృత్తుల ద్వారములను ముందుగానే మూసివైచుచుండెను. లింగభేదమును బట్టి పాఠ్యప్రణాళికను విభజింపరాదనియు, ప్రాథమిక దశలో సహవిద్యయే సాధారణ పద్ధతి కావలెననియు ఆ సంఘము నిర్ణయించినది. కొఠారీ విద్యాసంఘము (1964–66) దీనిని ఆమోదించెను. గోడ ఎక్కడ కట్టితిమను దానికంటె, దాని కిరువైపులను ఏమి బోధించితిమను విషయమే ప్రధానమని గ్రహించినందున హంసా మెహతాగారి సంఘపు నివేదిక నేటికిని పఠనీయము.

ఇటీవలి వాదము వేఱు త్రోవ పట్టినది. బాలబాలికల మెదడు నిర్మాణములు భిన్నములు గనుక బోధనయు భిన్నముగ నుండవలెనను వారు పాశ్చాత్య దేశములలో బయలుదేరిరి. అమెరికాలో 2006 నాటి నిబంధనల సడలింపుతో ప్రభుత్వ పాఠశాలలలోను ప్రత్యేక తరగతులకు వీలు కలిగెను. 2014లో 21 దేశములలోని 16 లక్షల విద్యార్థులకు సంబంధించిన 184 అధ్యయనములను ఒకచోట చేర్చి పరిశీలింపగా, కుటుంబస్థితి మొదలగు భేదములను జాగ్రత్తగా లెక్కించిన అధ్యయనములలో ప్రత్యేక పాఠశాలల ఆధిక్యము దాదాపు కానరాలేదు. అయితే విద్యార్థులను చీట్ల పద్ధతిన పాఠశాలలకు పంచు సియోల్ నగరమున జరిగిన పరిశోధన, ప్రత్యేక పాఠశాలల విద్యార్థులకు కొంత మేలు కలిగినదని తేల్చినది. కావున ఇరుపక్షములలో దేనికిని సంపూర్ణ విజయము లభింపలేదు; మెదడు భేదమును ఆధారముగా గొన్న వాదము మాత్రము దుర్బలమైనదే.

మన దేశమున ప్రత్యేక పాఠశాలకు నేటికిని గల బలమైన సమర్థన వేఱొకటి. దూరము, భద్రత, బాల్యవివాహము, ఇంటిపని అను కారణములచే బడి మానిన బాలికల కొఱకు విద్యలో వెనుకబడిన మండలములలో 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయముల పథకము ఆరంభమైనది. తొలుత ఉన్నత ప్రాథమిక దశకు పరిమితమైన ఈ గురుకులములను తరువాత పండ్రెండవ తరగతి వఱకు విస్తరించుటకు 2018లో అనుమతి లభించెను.