పాటకి జైలు, విగ్రహానికి దండ

ఈ ఎపిసోడ్ మా భీమవరం నుంచే మొదలుపెడదాం.

మా ఊళ్లో అల్లూరి సీతారామరాజు గారి 30 అడుగుల కంచు విగ్రహం ఉంది. 2022 జులై 4న ప్రధాని వచ్చి ఆవిష్కరించారు. రాజుగారి కుటుంబం ఊరు మోగల్లు ఇక్కడికి దగ్గరే. మొన్న ఆ విగ్రహం ముందు కాలేజీ కుర్రాళ్లు రీల్ తీసుకుంటుంటే నాకో డౌట్ వచ్చింది. సరిగ్గా వందేళ్ల ముందు, 1922లో, ఇదే మనిషిని పట్టుకోడానికి ప్రభుత్వం మన్యంలోకి బలగాల్ని పంపింది. మరి ప్రభుత్వాలకి పడని మనిషి, దండేసి మొక్కే మనిషి ఎప్పుడవుతాడు?

దీనికి జవాబు వెతుకుతుంటే, అదే 1922లో జైలుకెళ్లిన ఇంకొకాయన కథ దొరికింది. ఆయన తుపాకి పట్టలేదు, పాట రాశాడు.

గరిమెళ్ల సత్యనారాయణ. శ్రీకాకుళం వైపు మనిషి, రాజమండ్రిలో చదువుకున్నాడు. సహాయ నిరాకరణ రోజుల్లో ‘మాకొద్దీ తెల్లదొరతనము’ రాశాడు. అప్పట్లో రేడియో కూడా లేదు. అయినా పాట ఊరూరా పాకింది. ఎందుకంటే, అందులో ఉన్నది జనం రోజూ మాట్లాడుకునే కష్టాలే. చదువు రానివాడు కూడా ఒక్కసారి వింటే పాడేసేవాడు. పుస్తకాన్నయితే పట్టుకుపోవచ్చు, నోటిని ఎలా పట్టుకుపోతారు?

కలెక్టర్ బ్రాకెన్ ఆయన్ని పిలిపించి పాడించుకున్నాడని, తెలుగు రాకపోయినా ఆ పాటలోని బలం అర్థమైందన్నాడని చెబుతారు. బలం అర్థమైంది కాబట్టే ఏడాది జైలు. బయటికొచ్చి మళ్లీ పాడాడు. ఈసారి రెండున్నరేళ్ల కఠిన శిక్ష. లోపలుండగానే తండ్రికి జబ్బు చేసింది. క్షమాపణ చెబితే వదిలేస్తామన్నారు. చెప్పలేదు. తండ్రి పోయారు.

ఇక్కడిదాకా అయితే తెల్లవాళ్లు విలన్లు, మనవాళ్లు హీరోలు. సింపుల్. కానీ కథ ఇక్కడితో ఆగలేదు.

1943లో ప్రజానాట్యమండలి పుట్టింది. బుర్రకథల్లో నాజర్ గారు, నాటకాల్లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు. ఈ ఇద్దరూ కలిసి తెలంగాణ రైతుల పోరాటం మీద ‘మాభూమి’ రాశారు. కోస్తా ఊళ్లలో జనం విరగబడి చూశారు. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అప్పుడు మంత్రి కుర్చీల్లో ఉన్నది తెల్లవాళ్లు కాదండి, మనవాళ్లే. వాళ్లలో చాలామంది స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్లొచ్చినవాళ్లు కూడా!

నాటకాల్ని ఆపడానికి బ్రిటిష్ వాళ్లు 1876లోనే ఒక చట్టం చేశారు. బెంగాల్ నాటకాల మీద కోపంతో పుట్టిన చట్టం అది. పార్లమెంటు దాన్ని రద్దు చేసింది 2018లో. అంటే దొరలు వెళ్లిపోయాక కూడా 70 ఏళ్లు పుస్తకాల్లో అలాగే ఉంది. కుర్చీ మారింది, భయం మారలేదు.

మరి గరిమెళ్ల ఏమయ్యాడు? స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసులో పేదరికం, పక్షవాతం. 1952 డిసెంబర్ 18న చనిపోయాడు. అదే మద్రాసులో మూడు రోజుల ముందే పొట్టి శ్రీరాములు గారు ప్రాణం వదిలారు. ఆంధ్ర అంతా అట్టుడుకుతున్న రోజులవి.

నాకు అర్థమైంది ఇదీ. కళాకారుడు బతికుండి, పాట ఇప్పటి కుర్చీకి తగులుతున్నంతకాలం, దానికి దొరికేది కేసో, నిషేధమో, పస్తో. ఆ కుర్చీలోవాళ్లు వెళ్లిపోయాక పాట ఎవరికీ తగలదు. అప్పుడు దండ వేస్తారు. విగ్రహం తిరిగి ప్రశ్న అడగదు కదా.

లాస్ట్‌లో ఒక నిజం చెప్పాలి. కిందటేడు చేపల, రొయ్యల చెరువుల మురుగు నీళ్లు పంట కాలవలోకి వదలడం మీద ఒక ఎపిసోడ్ చేశాను. అప్‌లోడ్‌కి ముందు తెలిసినాయన ఒకరు ఫోన్ చేశారు. ‘నీకెందుకురా అబ్బాయ్ ఇయన్నీ, సినిమా కబుర్లు చెప్పుకోవచ్చు కదా’ అన్నారు. బెదిరించలేదు, ప్రేమగానే అన్నారు. నేను మూడు నిమిషాలు కట్ చేసేశాను. నన్నెవరూ నిషేధించలేదండి. ఆ పని నేనే చేసుకున్నాను.

గరిమెళ్లని తండ్రి ప్రాణం మీదున్నా క్షమాపణ చెప్పించలేకపోయారు. నాకు ఒక్క ఫోన్ కాల్ సరిపోయింది.

ఆ మూడు నిమిషాలు ఇంకా నా హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి. వచ్చే ఎపిసోడ్ అదే. ఉంటానండి.