చిన్న కారులో పెద్ద యంత్రము

మోటారు కారులోని యంత్రమును తీసి మరొకదానిని అమర్చదలచినవారు రెంచికంటె ముందు కొలబద్ద పట్టవలెను. బ్రిటన్‌లోని రూట్స్ సంస్థవారి చిన్న కారు సన్‌బీమ్ ఆల్పైన్ ఇందుకు దృష్టాంతము.

దాని నాలుగు సిలిండర్ల యంత్రమునకు బలము చాలదని, 1963లో సంస్థ అమెరికా శాఖకు చెందిన ఇయాన్ గరాడ్ తన సహోద్యోగికి కొలబద్ద ఇచ్చి కార్ల దుకాణములకు పంపెను. ఫోర్డ్ వారి ఎనిమిది సిలిండర్ల యంత్రము 4.2 లీటర్లదైనను, పాతదానికంటె మూడున్నర అంగుళములే పొడవని తేలినది.

నమూనాకు 8 వారములు, 10,000 డాలర్లు కావలెనని కరోల్ షెల్బీ అనెను. గరాడ్ ఆగలేక, కెన్ మైల్స్‌కు 800 డాలర్లిచ్చి ఒక్క వారము గడువు పెట్టెను. పని నెగ్గినది! అయినను ఆ 800 డాలర్లు "యంత్రము పట్టునా?" అన్న ప్రశ్నకు మాత్రమే వెల. అమ్మదగిన కారు కావలెనన్న స్టీరింగు అమరికనే మార్చవలసివచ్చెను. 1964లో "టైగర్" పేర వెలువడిన కారులో సైతము, వెనుకనున్న ఒక స్పార్కు ప్లగ్గు చేతికందక, యంత్రము వెనుకనున్న రేకు గోడకు రంధ్రము చేసి రబ్బరు బిరడా బిగించిరి.

1967లో రూట్స్ సంస్థ క్రైస్లర్ వశమయ్యెను. పోటీదారుని యంత్రము వారికి రుచింపలేదు. తమదే పెట్టుదమన్న, ప్లగ్గులకు విద్యుత్తును పంచు డిస్ట్రిబ్యూటరు దానికి ముందు గాక వెనుక నుండెను. అక్కడ చోటు లేదు. ఆ యేడే టైగర్ తయారీ ఆగిపోయెను.