చేదుకట్టులో గులకరాళ్ళు

మన ఆడవాళ్ళకి కడుపులో ఏ మూల నొప్పి వచ్చినా పేరు ఒక్కటే: గ్యాసు. పెళ్ళిభోజనం చేసిన రాత్రి కుడి డొక్కలో మొదలై, వీపు మీదుగా భుజం దాకా పాకి, మనిషిని మెలికలు తిప్పేసినా సరే, "ఏం లేదులే, నూనె సరుకు పడలేదు" అని ఇంత వాము నమిలి పడుకుంటాం. తెల్లారేసరికి తగ్గిపోతుంది. తగ్గింది గదా అని మళ్ళీ పొయ్యి దగ్గరికి. ఆ నొప్పికీ ఒక చరిత్ర ఉందనీ, అందులో ఆడవాళ్ళ వాటా పెద్దదేననీ ఈమధ్య చదివి ఆశ్చర్యపోయాను. ఆ కబుర్లే మీతో చెబుదామని.

చేపలు బాగుచేసేవాళ్ళకి చేదుకట్టు తెలుసు. అది చిట్లిందా, కూరంతా చేదే. మనకీ కాలేయం కింద అలాంటి చిన్న తిత్తి ఒకటుంది. పుస్తకాల్లో పిత్తాశయం అంటారు, డాక్టర్లు గాల్ బ్లాడర్ అంటారు. కాలేయంలో తయారైన పైత్యరసాన్ని దాచిపెట్టి, మనం నెయ్యీ నూనే తిన్నప్పుడు పేగులోకి వదలడం దాని ఉద్యోగం. ఆ రసంలో కొలెస్టరాల్ పాలు మించిందనుకోండి, పాకంలో పంచదార ఎక్కువై పలుకు కట్టినట్టు, గట్టిపడి రాళ్ళవుతుంది. రాయి ఓ మూల పడుంటే పేచీ లేదు. తిత్తి మూతికి అడ్డం పడితేనే ఆ నొప్పి. మగవాళ్ళకంటే మనకే ఇవి ఎక్కువ. ఈస్ట్రోజెన్ హార్మోనూ, కాన్పులూ అందుకు కొంత కారణం. గబగబా సన్నబడాలని కడుపు మాడ్చుకున్నా వస్తాయి.

ఇహ కథలోకి వద్దాం. 1867 జూన్ 15న అమెరికాలో ఇండియానాపోలిస్ ఊళ్ళో, ఒక మందుల షాపు పైఅంతస్తులో, జాన్ బాబ్స్ అనే డాక్టరు మేరీ విగ్గిన్స్ అనే ఆవిడ పొట్ట కోశాడు. ఆవిడకి ముప్పై ఏళ్ళు. కుడివైపు గడ్డ పెరిగి బాధపడుతోంది. అండాశయంలో తిత్తి కాబోలనుకున్నాడాయన. తీరా చూస్తే ఉబ్బిపోయిన పిత్తాశయం! దానికి గాటు పెడితే తుపాకీ గుళ్ళలాంటి రాళ్ళు బయటపడ్డాయి. వాటిని తీసేసి కుట్లు వేశాడు. చీము పట్టకుండా ఆపరేషను చెయ్యడం గురించి లిస్టర్ లోకానికి చెప్పింది కూడా ఆ ఏడాదే. అలాంటి రోజుల్లో కోయించుకోడానికి సిద్ధపడిందంటే ఆ తల్లి ఎంత నొప్పి పడిందో! బాబ్స్ 1870లోనే పోయాడు. మేరీ మాత్రం ఆ తర్వాత దశాబ్దాలు హాయిగా బతికింది.

రాళ్ళు తీస్తే సరా, మళ్ళీ కట్టవూ? ఈ ప్రశ్న బెర్లిన్‌లో లాంగెన్‌బుక్ వేసుకున్నాడు. తప్పు రాళ్ళది కాదు, వాటిని తయారుచేసే తిత్తిది అన్నాడు. 1882 జులై 15న, పదహారేళ్ళుగా బాధపడుతున్న నలభైమూడేళ్ళ మనిషికి పిత్తాశయాన్నే తీసేశాడు. మర్నాడు ఆ రోగి చుట్ట కాలుస్తూ కూచున్నాడట! ఆ తిత్తి లేకపోతే బతుకుతామా అంటారేమో. గుర్రానికి పుట్టుకతోనే లేదు. అది పరిగెత్తడం లేదూ?

అక్కణ్ణించి నూరేళ్ళు పెద్ద కోతే గతి. అమెరికా అధ్యక్షుడు జాన్సన్ 1965లో ఆపరేషను చేయించుకుని, చొక్కా ఎత్తి పత్రికలవాళ్ళకి మచ్చ చూపించాడు. మనవాళ్ళు అదే మచ్చని చీర కింద దాచుకుని, మూడోవారం నుంచే బిందెలు మోశారు. ఎవరి అదృష్టం వాళ్ళది.

కోత చిన్నదయ్యే దారి కనిపించింది స్త్రీల వైద్యంలోనే. జర్మనీలో కీల్ నగరపు స్త్రీల వైద్యుడు కుర్ట్ సెమ్, పొట్టకి చిన్న రంధ్రం పెట్టి దుర్భిణీతో చూస్తూ ఆపరేషన్లు చేసేవాడు. మెదడు పరీక్ష చేయించుకోమన్నారట తోటివాళ్ళు! ఆ దారినే ఎరిక్ మ్యూహె అనే సర్జను 1985 సెప్టెంబరు 12న పిత్తాశయాన్ని తీశాడు. మరుసటి ఏడు సర్జన్ల సభలో చెబితే నవ్వారు. 1992లో ఆ సంఘమే పిలిచి బహుమతి ఇచ్చింది. మన దేశంలో 1990లో బొంబాయి జె.జె. ఆస్పత్రిలో డాక్టర్ ఉద్వాడియా మొదలుపెట్టారు.

చెప్పొచ్చేదేమిటంటే, ఇవాళ మనకి దారులున్నాయి. వేరే పనిమీద స్కానింగు తీస్తే రాళ్ళు కనబడి, బాధేమీ లేకపోతే, చాలామందికి ఏమీ చెయ్యక్కర్లేదు. కరిగించే మాత్రలున్నాయి గాని, చిన్నచిన్న కొలెస్టరాల్ రాళ్ళకే పనిచేస్తాయి. నెలల తరబడి మింగాలి, మానేస్తే మళ్ళీ కట్టొచ్చు. అరటిదూట రసం, ఉలవకట్టు తాగితే పోతాయంటారు. అవి మూత్రంలో పోవడానికి అసలు దారే లేదు, ఈ తిత్తి వేరు, కిడ్నీ వేరు. నొప్పి పదేపదే వస్తుంటే తిత్తి తీయించుకోవడమే మేలు. మామూలుగా నాలుగు చిన్న రంధ్రాలు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి. లోపల చిక్కుగా ఉంటే మధ్యలో పెద్ద కోతకి మారతారు. అది ఓటమి కాదు, జాగ్రత్త. రాయి జారి పైత్యనాళంలో పడితే, నోటిలోంచి గొట్టం పంపి తీస్తారు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. నొప్పి గంటల తరబడి వదలకపోయినా, చలిజ్వరం వచ్చినా, కళ్ళు పచ్చబడినా వాము డబ్బా జోలికి పోవద్దు. ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళాలి. పిల్లల పరీక్షలు అయ్యాక, పండగ వెళ్ళాక అని వాయిదా వేస్తే తిత్తి చీము పట్టొచ్చు, పక్కనున్న క్లోమం వాచి ప్రాణం మీదికే రావచ్చు.

మేరీ విగ్గిన్స్ కాలంలో లోపలేముందో పొట్ట కోస్తే తప్ప తెలియలేదు. మనకి పరగడుపున అరగంట స్కానింగు చాలు. ఆ అరగంట మనకోసం అడిగి తీసుకుందాం.