గాజుగిన్నె చెప్పిన లెక్క

పలుచని గాజుగిన్నెలో సగానికి నీరు పోసి, తడివ్రేలితో అంచు వెంట మెల్లగా రాచినచో సన్నని, ఎడతెగని నాదము పుట్టుతుంది. వ్రేలు గాజును పట్టుకొంటుంది, జారుతుంది, మరల పట్టుకొంటుంది. క్షణానికి వందలసార్లు సాగే ఈ పట్టువిడుపులవల్ల గిన్నె గోడ కంపిస్తుంది. ఆ కంపనము కంటికి ఆనదు. నీటిమీది సన్నని అలలు మాత్రము కనబడతాయి.

ఆ అలలలో గెలీలియో ఒక పాత చిక్కుకు సమాధానము చూచినాడు. తీగ పొడవును సగము చేసిన స్వరము పై షడ్జానికి చేరుతుంది. కనుక ఆ రెండు స్వరాల నిష్పత్తి రెండని గ్రీకుల కాలమునుండి చెప్పుకొనేవారు. అయితే పొడవు మార్చక, బిగువు పెంచి అదే స్వరము రాబట్టవలెనన్న, తీగకు వ్రేలాడదీసే బరువు రెండింతలు చాలదు, నాలుగింతలు కావలెను. మరి నిష్పత్తి రెండా, నాలుగా? ఇది గెలీలియోకు ఒకవిధముగా ఇంటిచిక్కే. తండ్రి విన్‌చెంజో ల్యూటు వాద్యకారుడు. తీగలతో, బరువులతో ప్రయోగాలు చేసినవాడు.

తేల్చవలెనంటే కంపనాలనే లెక్కించవలె. చెవికి అది సాధ్యము కాదు. 1638లో లైడెన్ నగరమున అచ్చయిన గ్రంథములో గెలీలియో ఇట్లు చెప్పినాడు: గిన్నె పాడుచుండగా ఒక్కొక్కప్పుడు నాదము హఠాత్తుగా పై షడ్జానికి ఎగురుతుంది; ఆ క్షణముననే నీటిమీది ప్రతి అలా రెండుగా చీలుతుంది. నిష్పత్తి రెండే! ఆ గ్రంథము వెలువడేనాటికి ఆయన గృహనిర్బంధములో ఉన్నాడు. చూపు కూడా పోయినది.

నీరు ఎక్కువైనకొద్దీ గిన్నె స్వరము తగ్గుతుంది. గోడ తనతోపాటు నీటినికూడ కదపవలసి వచ్చి, కంపనము మందగిస్తుంది. జలతరంగ విద్వాంసులు గిన్నెలను శ్రుతి చేసేదీ ఈ ఉపాయముతోనే. సీసా మూతిపై ఊదినప్పుడు మాత్రము వ్యవహారము తారుమారు: అక్కడ పలికేది గాలి, నీరు పెరిగితే స్వరము హెచ్చుతుంది.

ఐర్లండువాడైన రిచర్డ్ పాక్రిచ్ 1740 ప్రాంతముల గాజుపాత్రలతో కచేరీలు చేసినాడు. 1761లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ నీటినే తొలగించినాడు. 37 గిన్నెలను ఒక ఇరుసుకు గ్రుచ్చి, కాలితో త్రిప్పుచు, తడివ్రేళ్లతో తాకేవాడు. స్వరభేదమంతా గిన్నెల పరిమాణము, మందములలోనే ఉన్నది. ఒకసారి కుదిరిన శ్రుతిని మరల సరిచేయనక్కరలేదని 1762లో ఇటలీలోని బెకారియాకు వ్రాసినాడు. వాద్యకారులకు అది గొప్ప సౌకర్యమే. గెలీలియో చూచిన అలలు మాత్రము అందులో లేవు.